రాక్షసులకి కారణాలు రాసే మనిషి

పళ్ళమేస్త్రి మాటలు కోటలు దాటతాయని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా, మధ్యాహ్నం మూడున్నరకి ఆయన ల్యాబ్ తలుపు దగ్గరికి వేసి, చేతులకంటిన తెల్లపొడి ప్యాంటుకి తుడుచుకుంటూ టీ కొట్టు ముందున్న బల్ల మీదికి చేరాడంటే, లేచి వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. పొరపాటున లేచిపోయినవాడు మర్నాడొచ్చి, నిన్న కథ ఎక్కడిదాకా వచ్చిందని పక్కవాళ్ళని బతిమాలుకోవాల్సి వచ్చేది.

ఆయన చేసే పని పళ్ళసెట్లు కట్టడం. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గులాబీరంగు మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కో పన్నూ పట్టకారుతో పట్టి నిలబెడతాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు తన పళ్ళతోనే నవ్వుతారని, మిగతా సగం ఆ నవ్వు చూసి కుళ్ళుకుంటారని ఆయనే చెప్పుకునేవాడు.

కానీ అసలు కోతలు పళ్ళ గురించి కాదు. ల్యాబ్ వెనకగదిలో ఒక గుండ్రటి బల్ల, చుట్టూ ఐదు కుర్చీలు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడ ఒక ఆట. నలుగురు స్నేహితులు వచ్చి కూర్చుంటారు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు విలుకాడు, ఒకడు దొంగ. పళ్ళమేస్త్రి కథ చెబుతూ ఆట నడుపుతాడు. వీరుడు వేసిన దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. మిగతాదంతా, కొండలూ కోటలూ దయ్యాలూ వాటి దుర్మార్గాలూ, ఆయన నోట్లోంచే రావాలి. పనిలో మిగిలిన ప్లాస్టర్‌తో ఆ రాక్షసుల బొమ్మలు, వీరుల బొమ్మలు కూడా ఆయనే పోసేవాడు.

ఏడు ఆదివారాలుగా ఆ గదికి ఎవరూ రాలేదు. ఆ సంగతి టీ కొట్టు దగ్గర ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం ఆదివారం ఉదయమే ఐదు కుర్చీలూ తుడిచి, బల్ల మీద పాచికలు పరిచి, మధ్యాహ్నందాకా కూర్చుని, మళ్ళీ వాటిని డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. ఆ గదిలో ఉన్నంతసేపూ పెదవి కదిలేది కాదు. అందుకేనేమో, సోమవారం వచ్చేసరికి మాట మొదలుపెడితే ఆపడానికి భయమేసేది.

ఆ రోజు సోమవారం. అప్పుడే వాన వెలిసింది. టీ కొట్టావిడ గిన్నె మీద మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. పక్క కొట్టు టైలరు మెడలో టేపు తీయకుండానే వచ్చి కూర్చున్నాడు. లెక్కల మాస్టారు, ఉద్యోగం నుంచి దిగి ఆరేళ్ళయినా తప్పులు దిద్దడం మానని మనిషి, పొడి చోటు వెతుక్కుని కూర్చున్నాడు. టైలరు నిన్న ఏదో సినిమా చూశాడట, అందులో విలన్ లోకాన్నంతా ఏలాలనుకుంటాడట, బాగుందన్నాడు. పళ్ళమేస్త్రికి అంతకంటే ఏం కావాలి.

"లోకాన్ని ఏలి ఏం చేసుకుంటాడయ్యా?" అన్నాడు. "పొద్దున్నే లేచి ఇన్ని కోట్లమందికి కుళాయిల్లో నీళ్ళొస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇంట్లో ముగ్గుర్ని ఏలలేక మనం చస్తున్నాం. అదీ ఒక కారణమేనా? రాక్షసుడంటే వాడికంటూ ఒక బాధ ఉండాలి. పళ్ళసెట్టు లాంటిదది. ఒకడిది ఇంకొకడి నోట్లో పట్టకూడదు."

టైలరు తల ఊపాడు. పళ్ళమేస్త్రి గ్లాసు అందుకుని మొదలుపెట్టాడు.

మొదట చెప్పింది గంటలు దొంగిలించే రాక్షసుడి సంగతి. వాడు ఊరూరా తిరిగి కోటల్లో, బళ్ళలో, ఆవుల మెళ్ళో గంట అన్నది మిగలకుండా ఎత్తుకుపోతాడు. నలుగురు వీరులూ కత్తులు నూరుకుని వాడి గుహకి వెళ్ళారు. తీరా చూస్తే లోపల వాడి ముసలితల్లి. మూడొందల ఏళ్ళుగా ఆవిడకి కంటిమీద కునుకు లేదు, కాస్త రెప్ప వాలగానే ఎక్కడో గంట మోగుతుంది. అమ్మ ఒక్క గంటసేపు పడుకోవాలని కొడుకు లోకంలోని గంటలన్నీ మూటగడుతున్నాడు. వీరులు కత్తులు ఒరలో పెట్టి, మునివేళ్ళ మీద వెనక్కి వచ్చేశారు.

ఇది మటుకు కోత కాదు, మూడేళ్ళ కింద ఆటలో నిజంగా జరిగిందే. కత్తివీరుడు ఆయన చిన్ననాటి స్నేహితుడు, వాచీలు బాగుచేసే మనిషి. ఆ ఆదివారం ఆట అయిపోయి మెట్లు దిగుతూ కూడా, "ఒరేయ్, మెల్లగా మాట్లాడరా, ముసలావిడ లేస్తుంది" అని గుసగుసలాడాడు. అది గుర్తొచ్చింది పళ్ళమేస్త్రికి. ఒక గుక్క టీ తాగాడు. ఆగితే అదే గుర్తొస్తుంది, అందుకని ఆగలేదు.

తర్వాత గొంతులు దొంగిలించే మంత్రగత్తె. పుట్టింట్లో, అత్తింట్లో ఆవిడ మొదలుపెట్టిన మాట ఏనాడూ ఎవరూ పూర్తి కానివ్వలేదట. దాంతో కనపడ్డ ప్రతివాడి గొంతూ లాగేసి సీసాల్లో పోసి బిరడా బిగించేది.

"ఆవిడది ఏ ఇల్లో గానీ, నాకు బాగా తెలిసిన ఇంటిలాగే ఉంది," అంది టీ కొట్టావిడ.

ఆవిణ్ణి గెలవాలంటే ఆవిడ మాట చివరిదాకా వినాలి, ఆ ఒక్క వాక్యం పూర్తవడానికి తొమ్మిది రోజులు పట్టిందన్నాడు పళ్ళమేస్త్రి. తొమ్మిది రోజులూ బల్ల దగ్గర్నుంచి ఒక్కడూ లేవలేదట. ఇళ్ళ నుంచి భార్యలు క్యారియర్లు పట్టుకొచ్చి, ఇచ్చి పోదామని వచ్చినవాళ్ళు గుమ్మంలోనే కూలబడి విన్నారట. విలుకాడి గడ్డం పెరిగి పెరిగి బల్ల మీద పాచికలకి చుట్టుకుపోతే, టైలరు కత్తెర కోసం కబురు పంపింది అందుకేనట.

"నా దగ్గరికి ఎవరూ రాలేదే," అన్నాడు టైలరు.

"వచ్చేసరికి నువ్వు కొట్టు కట్టేశావు," అన్నాడు పళ్ళమేస్త్రి, రెప్ప వేయకుండా. "సరే, ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా?"

ఆ తర్వాత డెబ్బై తలల రాక్షసుణ్ణి తయారుచేశాడట. ఏ తల కారణం దానిదే. ఒక తలకి పక్కతల గురక మీద కసి, ఒకదానికి చిన్నప్పుడు ఇష్టపడ్డ పిల్ల మీద బెంగ, ఒకదానికి అసలు చెడ్డపనులంటేనే గిట్టదు గానీ మిగతా అరవై తొమ్మిదీ వెళుతుంటే ఒక్కతే ఎలా ఆగుతుంది.

"డెబ్బై తలలకీ డెబ్బై కారణాలు రాశావా?" అని లెక్కల మాస్టారు అడిగాడు.

"డెబ్బై ఒకటి. మెడది వేరే ఉంది."

బల్లంతా నవ్వింది. ఆ నవ్వు వెచ్చగా తగిలింది ఆయనకి. ఏడువారాల తర్వాత ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయింది. ఇంక పట్టపగ్గాల్లేవు. ఆ డెబ్బై ఒక్క కారణాలూ చదువుతుంటే కిటికీలోంచి నిజమైన దొంగ ఒకడు దూకాడట. వచ్చినవాడు దొంగతనం మాట మరిచిపోయి, మూల కూర్చుని అంతా విని, కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, 'అయ్యా, ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను, నాకంటూ ఒక్క కారణం లేదు, ఏదైనా రాసిపెట్టండి' అని కాళ్ళు పట్టుకున్నాడట. ఈయన పళ్ళడాక్టరు చీటీ వెనక పది నిమిషాల్లో రాసిచ్చాడట. అది చూపిస్తే జడ్జిగారు చదివి, కుర్చీ దిగొచ్చి వాణ్ణి కావలించుకుని ఇంటికి పంపించేశాడట. ఇప్పుడు జైల్లో ఉన్నవాళ్ళంతా వరసకట్టి తనకి ఉత్తరాలు రాస్తున్నారని, జవాబులు రాయలేక చెయ్యి పడిపోతోందని చెప్పి, పళ్ళమేస్త్రి తన కుడిచెయ్యి జాలిగా చూసుకున్నాడు.

అప్పుడు టైలరు అడిగాడు. ఇంతమందిని పుట్టించావు కదా, అందరిలోకి గొప్పవాడు ఎవడు?

డెబ్బై తలలవాడని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఏడువారాలుగా ఆ ఒక్క కథా ఎవరికీ చెప్పలేదు. కానీ ముగ్గురూ ముందుకి వంగి ఉన్నారు. వాళ్ళ మొహాల మీద ఉన్న ఆ ఎదురుచూపు పోతే మళ్ళీ ఎవరితో మాట్లాడాలి? నోరు దానంతటదే తెరుచుకుంది.

గడియారాల మాంత్రికుడు, అన్నాడు. పుట్టుకతో వాడు మాంత్రికుడు కాదట, ఒక రాజ్యంలో గడియారాలు చేసే నిపుణుడు. భార్య మంచాన పడింది. సాయంత్రం నాలుగింటికల్లా రమ్మని వైద్యుడు కబురు పెట్టాడు. అప్పుడు వాడి చేతిలో రాజుగారి గడియారం విప్పి ఉంది. ఇంకొక్క మర, ఇంకొక్క మర అనుకుంటూ కూర్చున్నాడు. వెళ్ళేసరికి నాలుగూ ఇరవై. ఆవిడ లేదు. ఎందుకు ఆలస్యమైందని అడిగినవాళ్ళకి, దారిలో గుర్రం కుంటిదైందని చెప్పాడు. అప్పట్నుంచి లోకంలో కనపడ్డ గడియారాన్నల్లా నాలుగింటి దగ్గర ఆపేసుకుంటూ పోతున్నాడు. నాలుగూ ఇరవై అన్నది ఇంకెప్పుడూ ఎక్కడా రాకూడదు.

బల్ల దగ్గర నవ్వు ఆగిపోయింది. టీ కొట్టావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ నిశ్శబ్దం భరించలేక పళ్ళమేస్త్రి ఇంకా పైకి ఎగబాకాడు. ఆ మాట చెప్పగానే నలుగురూ భోరుమన్నారట. బల్ల మీది ప్లాస్టర్ బొమ్మలు కన్నీళ్ళకి కరిగి సున్నపు నీళ్ళైపోయాయట. వీధిలో గడియారాలు, చేతి వాచీలు, స్టేషన్ గోడ మీదిది కూడా టక్కున ఆగాయట. బస్సులు ఆగి డ్రైవర్లు స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చారట. చివరికి సూర్యుడు కూడా ఇరవై నిమిషాలు కదల్లేదట.

"సూర్యుడు ఎప్పుడూ కదలడు, తిరిగేది భూమి," అన్నాడు మాస్టారు.

"అదే నేననేది, భూమే ఆగింది. ఆ రోజు మీరు తూలి పడలేదూ?"

మాస్టారు కాసేపు ఆలోచించి, బాత్రూంలో పడ్డానని, అది ఆదివారమే అయ్యుండొచ్చని ఒప్పుకున్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఇంత కథ ఎలా తట్టింది అన్నా నీకు, అని టైలరు మెచ్చుకోలుగా అడిగాడు.

"కలలో వచ్చిందయ్యా. మొత్తం కలలోనే వచ్చింది."

"కలలో రాలేదు బాబాయ్."

మాట వెనక నుంచి వచ్చింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది ఆయనకి. వాచీల స్నేహితుడి కూతురు. మందుల షాపులో పనిచేస్తోంది, ఇరవై రెండేళ్ళు. పుట్టిన వారానికి ఎత్తుకున్నాడు ఆ పిల్లని. చేతిలో గుడ్డసంచీ ఉంది. ల్యాబ్‌కి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి ఉంటే వెతుక్కుంటూ ఇటు వచ్చిందట. ఎంతసేపట్నుంచి నిలబడి ఉందో, టీ కొట్టావిడ మొహం చూస్తే అర్థమైంది.

"ఆ ఆదివారం ఎవరూ ఏడవలేదు," అంది ఆ పిల్ల. కోపంగా లేదు గొంతు, మందు ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పినట్టుంది. "మా అమ్మ పోయిన రోజు సంగతి మీ కథ. బస్సు చెడిపోయి ఆలస్యమైందని నాన్న తొమ్మిదేళ్ళుగా అందరికీ చెబుతున్నాడు. షాపులో ఎవరిదో వాచీ పట్టుకుని కూర్చుండిపోయానని మీ ఒక్కరికే చెప్పుకున్నాడు. మీరు గుర్రం అన్నారు. బస్సు బదులు గుర్రం పెడితే మా మావయ్యకి తెలియదనుకున్నారా?"

తెలియదనే అనుకున్నాడు. రాజ్యం పెట్టాడు, రాజుని పెట్టాడు, మంత్రాలు పెట్టాడు, చాలనుకున్నాడు. మంత్రగాడి కుర్చీలో కూర్చునేది ఆ పోయినావిడ సొంత తమ్ముడు. ఆ ఆదివారం గుర్రం మాట వినగానే అతను చేతిలో పాచిక బల్ల మీద పెట్టేశాడు. "బావా, ఆ రోజు బస్సు చెడిపోయిందన్నావు," అన్నాడు, అంతే. వాచీల స్నేహితుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, లేచి మెట్లు దిగాడు. వెనకాలే బావమరిది వెళ్ళాడు. మిగిలిన ఇద్దరూ కొంతసేపు బొమ్మల వైపు చూస్తూ కూర్చుని, పనుందని లేచారు. వచ్చే ఆదివారానికి అంతా సర్దుకుంటుందనుకున్నాడు పళ్ళమేస్త్రి. అలా ఏడుసార్లు అనుకున్నాడు.

మావయ్య ఇంటికి రావడం మానేశాడని చెప్పింది ఆ పిల్ల. అమ్మమ్మ ఫోన్ ఎత్తడంలేదట. తనకి కూడా ఈ సంగతి మావయ్య అరుస్తుంటేనే తెలిసిందట.

"నాకు నాన్న మీద కోపం లేదు బాబాయ్. ఆయన నోటితో వినాలనుంది, అంతే. మొన్న నన్ను కూర్చోబెట్టి చెప్పబోయాడు. 'ఇంకొక్క మర అనుకున్నానమ్మా' అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తను ఏం చెప్పినా మీ రాక్షసుడు చెప్పినట్టే వినిపిస్తోందట ఆయనకి. 'ఇది నాకు చెప్పడం రాదమ్మా, వాడే బాగా చెప్పాడు' అన్నాడు."



"ఎందుకు చేశారు?" అని అడిగింది. "మావయ్య పక్కనే కూర్చున్నాడని మీకు తెలుసు."

పళ్ళమేస్త్రి వెతుక్కున్నాడు. ఏదో ఒకటి ఉండి తీరాలనిపించింది. ఎప్పుడో స్నేహితుడు అన్న ఒక మాట, పాత అసూయ, చిన్నప్పటి దెబ్బ, ఏదైనా సరే. ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళి చూసినా, ఆ మనిషి తనకి చేసిన అపకారం ఒక్కటీ దొరకలేదు. ఇన్నేళ్ళలో అబద్ధం కోసం ఇంతసేపు ఆగడం ఇదే మొదటిసారి. అబద్ధం రాలేదు.

"బాగుంటుందనిపించిందమ్మా," అన్నాడు. "కథ బాగుంటుందనిపించింది."

ఆ పిల్ల ఒప్పుకున్నట్టుగానే తల ఊపింది. సంచీ బల్ల మీద పెట్టింది. నాన్న షాపు అద్దాల బీరువాలో ఉన్న ఆట బొమ్మలట, పళ్ళమేస్త్రి పోసిచ్చినవే, తిరిగి ఇచ్చేయమన్నాడట. తడిలో జారకుండా చూసి అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయింది.

టైలరు ఎవరో పిలిచినట్టు లేచి తన కొట్టులోకి వెళ్ళాడు. లెక్కల మాస్టారు టీ డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. టీ కొట్టావిడ వచ్చి పళ్ళమేస్త్రి చేతిలో ఖాళీ గ్లాసు తీసుకుంది. ఇంకొకటి పోయనా అని అడగలేదు.

మర్నాడు ఉదయం పళ్ళమేస్త్రి పని మానేసి వాచీల షాపుకి బయల్దేరాడు. మెట్ల కింద ఇరుకు షాపు అది, ఒక మనిషి లోపల, ఒక మనిషి బయట, అంతే చోటు. దారి పొడుగునా మూడు వాక్యాలు కూడబలుక్కున్నాడు. మొదటిది మరీ పెద్దదిగా ఉందని తగ్గించాడు. రెండోది కథలా ఉందని తీసేశాడు. షాపు ముందు నిలబడేసరికి మూడోది కూడా గుర్తు లేదు.

స్నేహితుడు కంటికి భూతద్దం పెట్టుకుని ఒక ఆడవాళ్ళ వాచీ మీద వంగి ఉన్నాడు. నీడ పడితే తల ఎత్తాడు. భూతద్దం తీసి చూశాడు. మొహంలో ఏమీ మారలేదు.

"చెప్పండి," అన్నాడు.

ఆ 'అండి' దగ్గరే పళ్ళమేస్త్రి ఆగిపోయాడు. పలకాబలపాల రోజుల నుంచి వాళ్ళిద్దరి మధ్యా 'ఒరేయ్' తప్ప ఇంకో పిలుపు లేదు. పెళ్ళి పందిట్లోనూ అదే, శ్మశానంలోనూ అదే. తిడతాడేమో, కొడతాడేమో అని ఆలోచించుకుని వచ్చాడు గానీ, గౌరవిస్తాడని అనుకోలేదు. ఏం చెయ్యాలో తోచక చేతివాచీ విప్పి కౌంటరు మీద పెట్టాడు.

స్నేహితుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వెనకమూత తీసి చూశాడు. "బాగానే నడుస్తోందండీ," అన్నాడు.

"ఒకసారి చూడండి," అన్నాడు పళ్ళమేస్త్రి. తన నోటికి కూడా అదే వచ్చింది.

సరేనని చీటీల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు స్నేహితుడు. వాచీ రంగు రాశాడు, పట్టా రకం రాశాడు. గురువారం రమ్మన్నాడు. తర్వాత పెన్ను ఆపి, పుస్తకంలోంచి తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

పళ్ళమేస్త్రి అసలు పేరు ఆ ఊళ్ళో ఇంకా గుర్తున్నవాడు ఈ మనిషి ఒక్కడే. పళ్ళమేస్త్రి తన పేరు చెప్పాడు. వినపడలేదన్నాడు స్నేహితుడు. ఇంటిపేరుతో సహా మళ్ళీ చెప్పాడు. అతను అక్షరం తప్పు పోకుండా రాసి, చీటీ చింపి అందించి, భూతద్దం కంటికి పెట్టుకుని ఆడవాళ్ళ వాచీ మీదికి వంగాడు.

చీటీ పట్టుకుని పళ్ళమేస్త్రి అలాగే నిలబడ్డాడు. కాసేపటికి వెనకాల ఎవరో వచ్చి, కొంచెం జరుగుతారా అని అడిగారు. జరిగాడు.